గంటా పది నిమిషాలు

ఈ భూమ్మీద నేను నడవని ఎయిర్‌పోర్టు లేదు. కావాలంటే పరీక్ష పెట్టుకోండి. ఏ దేశంలో విమానం దిగాక ఎడమచేతికి తిరగాలో, ఎక్కడ కుడివైపు మెట్లెక్కితే దారి తప్పుతారో, ఎక్కడ మంచినీళ్ళు ఊరికే దొరుకుతాయో, ఎక్కడ ఒంటికి వెళ్ళాలన్నా పావుగంట నడవాలో కళ్ళు మూసుకుని చెప్తాను. ఒక ఎయిర్‌పోర్టయితే ఎంత పెద్దదంటే, నున్నగా గడ్డం గీసుకుని లోపలికి వెళ్ళినవాడికి తన గేటు దొరికేసరికి గడ్డం బొడ్డు దాకా దిగింది. పాస్‌పోర్టులో ఫోటోకీ మొహానికీ పొంతన లేదని అక్కణ్ణించే వెనక్కి పంపేశారు. ఇంకోచోట నేలే కదులుతుంది. దాని మీద ఎదురుదిక్కుగా ఎక్కిన ఒక ముసలాయన మూడు రోజులు నడిచీ నడిచీ ఉన్నచోటే ఉన్నాడు. నాలుగోరోజు ఆయన్ని జీతమిచ్చి పెట్టుకున్నారు, ఇలా ఎక్కకూడదని జనానికి చూపించడానికి.

నవ్వుకోండి. నాకేం నష్టం లేదు. ముప్పై ఏళ్ళు విమానం టికెట్ల షాపు నడిపినవాణ్ణి, ఇలాంటివి చెప్తేనే జనం కూర్చునేవాళ్ళు.

షాపంటే పదడుగుల గది. ఒక బల్ల, ఒక కంప్యూటరు, మూడు కుర్చీలు, గోడకి ప్రపంచపటం. చదువంటారా, పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతి. మా మాస్టారు భూగోళాన్ని గుమ్మడికాయ మీద బొగ్గుతో గీసి చెప్పేవారు. పరీక్షలు కాకముందే ఆయన భార్య దాన్ని కోసి కూర వండేసింది. అప్పట్నుంచీ ఏ దేశం ఎక్కడుందో నాకు కచ్చితంగా తెలియదు. ఎంతసేపు పడుతుందో మాత్రం తెలుసు.

ఆ ఎంతసేపు అన్నదే నా వ్యాపారం. ఒక విమానం దిగి ఇంకో విమానం ఎక్కేవాళ్ళకి మధ్యలో ఎంత టైము ఉండాలన్నదాంట్లో నా మాటకి తిరుగులేదు. దేశం దాటే ప్రయాణమైతే మూడు గంటలు. ఒక టెర్మినల్ నించి ఇంకో టెర్మినల్‌కి మారాలంటే ఇంకో గంట. చంటిపిల్లలో, మోకాళ్ళ నొప్పులో వెంట ఉంటే ఆ పైన ఇంకో గంట. వచ్చినవాళ్ళందరూ తగ్గించమనేవాళ్ళే. అన్ని గంటలు అక్కడ ఊరికే కూర్చుని ఏం చెయ్యాలండీ అనేవాళ్ళు. కూర్చోవడమే నాయనా నీ పని, పరిగెత్తడం విమానం పని, అనేవాణ్ణి.

మాటతో వినకపోతే నడిపించేవాణ్ణి. మా వీధిలో దాన్ని నడక పరీక్ష అనేవాళ్ళు. మొదటిసారి విమానం ఎక్కేవాళ్ళు ఎవరైనా సరే, పెట్టె చేత్తో పట్టుకుని వీధి ఈ చివరి నించి ఆ చివరికి, మళ్ళీ ఇక్కడికి నడవాలి. నా షాపు మెట్టు విమానం తలుపు. అక్కణ్ణించి దర్జీ మేడమెట్లు ఎక్కి దిగాలి. జిరాక్సు షాపాయన పాస్‌పోర్టు తీసుకుని ప్రతి పేజీ తిప్పి, మొహంలోకి తేరిపార చూసి, ఏ పనిమీద వచ్చావని గద్దించేవాడు. సైకిల్ షాపు బెంచీ మీద ఏడు నిమిషాలు కూర్చోవాలి, అది టెర్మినళ్ళ మధ్య తిరిగే రైలు. సెక్యూరిటీ చెక్ ఏమో సెలూన్‌లో. జేబులన్నీ ఖాళీ చేసి గడ్డం గీసే సామాను పళ్ళెంలో పెట్టాలి, బెల్టు తియ్యాలి, జోళ్ళు విప్పాలి. సెలూన్ ఆయనకి ఆ వేషమంటే ప్రాణం. సగం గీసిన గడ్డాన్ని నురగతో అలాగే వదిలేసి, తువ్వాలు దులుపుకుంటూ వచ్చి, చేతులు పైకెత్తు అనేవాడు. చివర కూరగాయలావిడ దగ్గరున్న తాడు దాటితే గేటు. వచ్చిన నిమిషాలకి నేను రెండింతలు కట్టి, దానిపైన ఒక గంట వేసి టికెట్ రాసేవాణ్ణి.

ఒక వేసవిలో ఆ తాడు దాటాలని చూసినవాడు మా బావమరిది.

మా ఆవిడకి తోడబుట్టినవాడు వాడొక్కడే. తల్లి పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచీ ఆవిడే పెంచింది. లిఫ్టులు బాగుచేసే పని నేర్చుకున్నాడు, చేతిలో మంచి పనితనం. అప్పటికి ఆరేళ్ళ కిందట లిఫ్టు గోతిలో రెండంతస్తులు పడ్డాడు. ప్రాణం దక్కింది గాని ఎడమకాలు నాలుగు వేళ్ళ వెడల్పున పొట్టిదైంది. దానికి లావాటి అడుగున్న బూటు కుట్టించుకున్నాడు, పన్నెండు కన్నాలు, పొడవాటి తాడు, అడుగు విరక్కుండా లోపల ఇనపరేకు. అప్పట్నుంచీ మా ఇంట్లో వెనకగదిలోనే ఉండేవాడు. ఠక్కు మని ఒక కాలు, ఆ వెనకాల దబ్బు మని ఇంకోటి. వాడు వీధి మొదట్లో ఉండగానే ఎవరొస్తున్నారో తెలిసిపోయేది.

వాడికి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టింది నేనే. వీధంతా అదే పట్టుకుంది. పేరు పెట్టిన రోజున అందరికన్నా ముందు నవ్వింది వాడే, అంచేత వాడికి నచ్చిందనుకున్నాను.

మార్చి నెలాఖరున వాడికి ఉద్యోగం వచ్చింది, పైదేశంలో. ఏదో పెద్ద ఆసుపత్రి, ఇరవైరెండు లిఫ్టులు. అక్కడి లిఫ్టులు చూసే కంపెనీ మనిషి ఇక్కడ ఒక హోటల్ లిఫ్టులో ఇరుక్కుపోతే వీడు పావుగంటలో బయటికి తీశాట్ట. ఆయన వీడి చేతులు చూశాడు, కాళ్ళు చూడలేదు. కాగితాలు మాత్రం నత్తలా వచ్చాయి. వీసా చేతికొచ్చేసరికి దాని గడువు ఇంకా ఇరవైమూడు రోజులే ఉంది. ఆఖరి తేదీ అర్ధరాత్రి లోపు అక్కడ దిగాలి, లేదంటే అది చిత్తుకాగితం. బడి సెలవుల కాలం కదా, విమానాలన్నీ కిటకిట. ఎంత వెతికినా సీటు దొరికింది సరిగ్గా ఆ ఆఖరి రోజునే. మధ్యలో ఒకచోట దిగి, సాయంత్రం ఏడుంబావుకి రెండో విమానం ఎక్కాలి. అక్కడ దాకా తీసుకెళ్ళడానికి రెండు విమానాలున్నాయి. తెల్లవారుజామున బయల్దేరేదానిలో వెళ్తే మధ్యలో ఐదున్నర గంటలు. మధ్యాహ్నం దానిలో అయితే గంటా పది నిమిషాలు.

ఇందులో ఆలోచించడానికేముంది చెప్పండి. తెల్లవారుజాముదే రాద్దామని బల్ల ముందు కూర్చున్నాను. షాపులో ఓ నలుగురు టీ తాగుతున్నారు. నాకు నోరు ఊరుకోదు కదా. ఐదున్నర గంటలుంది, మన ఎక్స్‌ప్రెస్ ఆగకుండా నడిస్తే సరిగ్గా గేటు మూసే టైముకి చేరుకుంటుంది అన్నాను. టీ తాగుతున్నవాళ్ళకి పొలమారింది. వాడూ నవ్వాడు. నవ్వి, రెండోది చూపించు బావా అన్నాడు.

రెండోది నీకు పనికిరాదు అన్నాను. గంటా పదంటే గంటా పది కాదు, గేటు ఇరవై నిమిషాల ముందే మూసేస్తారు, చేతిలో ఉండేది యాభై నిమిషాలు. అందులో టెర్మినల్ మారాలి. అక్కడి నడవాలు నీకు తెలియవు అన్నాను.

వాడు కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

“నీకు తెలుసా? నువ్వెప్పుడైనా విమానం ఎక్కావా బావా?”

టీ తాగేవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఎక్కలేదండీ. నిజమే. మొదట్లో మీకు చెప్పిందంతా గాలి కబుర్లే. నేను విమానం మెట్టు కూడా తొక్కినవాణ్ణి కాదు. ఎయిర్‌పోర్టులో నేను చూసింది గాజుతలుపు దాకానే, అక్కడ నిలబడి చెయ్యి ఊపి వచ్చేసేవాణ్ణి. మిగతాదంతా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్తే విన్నదే. ఎత్తంటే నాకు చచ్చే భయం, దర్జీ మేడ మీదికి వెళ్తేనే కళ్ళు తిరుగుతాయి. ఆ ముక్క ఆ రోజుకి మా ఆవిడకీ వీడికీ తప్ప ఎవరికీ తెలియదు. మర్నాటికి కూరగాయలావిడ కూడా, ఏమండీ టికెట్లాయన, మీరసలు ఎక్కనే లేదంటగా అని వంకాయలు తూస్తూ అడిగింది. అడగనీ, నేనేం అనుకోలేదు. నవ్వేశాను.

వాడి మాటకి మాత్రం సరే అన్నాను. తెలిసిన ఆఫీసులో చెప్పి రెండు సీట్లూ పదిరోజులు ఆపించాను. ఈలోగా నడక పరీక్ష. యాభై నిమిషాల లోపు తాడు దాటితే మధ్యాహ్నం విమానం, దాటకపోతే నోరు మూసుకుని తెల్లవారుజాముది. ఇది అందరి ముందూ అనుకున్న మాట.

మొదటి నడక ఎండ కాస్త తగ్గాక పెట్టాం. వాడు దర్జీ మెట్లు బాగానే దిగాడు, రెయిలింగ్ పట్టుకుని పిల్లాడిలా జారాడు కూడా. జిరాక్సు షాపాయన దగ్గర గడగడా జవాబులు చెప్పాడు. సెలూన్ దగ్గర ఆగిపోయింది. సెలూన్ ఆయన అలవాటు కొద్దీ, జోళ్ళు అన్నాడు. అనేసి నాలిక కరుచుకున్నాడు. వాడు వెనక్కి తిరిగి నావంక చూశాడు. నేను వాచీ చూసుకున్నాను.

ఆ బూటు లోపలి కాలిని మా ఇంట్లో నేను కూడా ఎప్పుడూ చూడలేదు. వాడు బెంచీ మీద కూర్చుని తాడు ఒక్కో కన్నంలోంచీ లాగాడు. సెలూన్‌లో ముందొక అద్దం, వెనకొక అద్దం ఉంటాయి చూడండి. ముడుచుకుపోయిన ఒక్క పాదం వంద పాదాలయ్యి వరసగా లోపలికెక్కడికో వెళ్ళిపోయింది. గుమ్మంలో జనం. నురగ మొహంతో కూర్చున్నాయన కూడా మెడ తిప్పి చూశాడు. ఎవరూ నవ్వలేదు, అది నాకు ఇబ్బందనిపించింది. ఇన్ని కాళ్ళున్నవాడివి ఇంత మెల్లిగా నడుస్తావేంరా అన్నాను. అప్పుడు అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు గాని, ఈసారి ముందు కాదు, ఆఖర్న.

మొత్తం అరవై ఎనిమిది నిమిషాలు. ఒక్క సెలూన్‌లోనే పదకొండు.

మర్నాటి నించీ వాడు పెరట్లో బూటు విప్పడం, తొడుక్కోవడం సాధన మొదలెట్టాడు. పక్కన అలారం గడియారం. మా ఆవిడ బట్టలారేస్తూ ఓరకంట చూసేది. రెండో నడకకి యాభైతొమ్మిదికి దిగాడు. వీధిలో పందేలు మొదలయ్యాయి, టీ మీద, బీడీ మీద. ఎక్కువమంది వాడి వైపే. నావైపు జిరాక్సు షాపాయన ఒక్కడే, అదీ నాకు భయపడి.

ఆ రోజు అన్నాలప్పుడు మా ఆవిడ వడ్డిస్తూ, తెల్లవారుజాముదే రాయండి, వాడేదో పంతానికి అంటున్నాడు, మీరు పెద్దవాళ్ళు కదా అంది. వాడు అడిగిందే ఇస్తాను, చిన్నపిల్లాడా ఏమన్నానా అన్నాను. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసి, నెమ్మదిగా అంది.

“మీరు వాణ్ణి ఆ పేరుతో పిలవడం మానేయండి. తెల్లవారుజాము విమానం వాడే ఎక్కుతాడు.”

నేను నవ్వేసి ఇంకాస్త మజ్జిగ పొయ్యమన్నాను.

మూడో నడకకి ముందురోజు మధ్యాహ్నం మా ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని, ఎండలో, ఎవరూ చూడకుండా సెలూన్‌కి వెళ్ళింది. రేపు మావాడి చేత ఆ బూటు విప్పించకండి, అంతమందిలో వాడి పరువు పోతోంది అని బతిమాలింది. సెలూన్ ఆయన మెత్తటివాడు, ఒప్పుకున్నాడు. ఆడవాళ్ళ ప్రేమ అలాగే ఉంటుంది మరి, ఇక్కడ కాపాడితే చాలనుకుంటారు, అక్కడేమవుతుందో చూసుకోరు.

మూడో నడక రోజున వీధికి రెండు పక్కలా జనం, ఎన్నికల ఊరేగింపుకి వచ్చినట్టు. వాడు కొత్త చొక్కా తొడుక్కున్నాడు. నడుస్తుంటే చూడాలి, కుడికాలు ముందుకు విసిరి ఎడమకాలిని దానివెనక ఈడ్చి, పెట్టెని కాలికి ఊతంగా ఊపుతూ, ఎక్కడో తనే కనిపెట్టుకున్న నడక అది. సెలూన్ లోపలికి వెళ్ళాడు. జేబులు ఖాళీ చేశాడు, బెల్టు తీశాడు. వంగి బూటు తాడు మీద చెయ్యి వెయ్యబోతే, సెలూన్ ఆయన భుజం తట్టి, పద పద, నీ బూటు నాకు తెలియందా అన్నాడు. వాడు ఒక్క క్షణం అలాగే వంగి ఉండిపోయాడు. తర్వాత నడిచాడు.

నలభై ఆరు నిమిషాలు. తాడు దాటగానే ఈలలు, చప్పట్లు. కూరగాయలావిడ వాడి నెత్తిన నీళ్ళు చిలకరించింది. చొక్కా వీపుకి అతుక్కుపోయి, రొప్పుకుంటూ నా షాపు మెట్లెక్కాడు. జనం గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు.

“రాయి బావా,” అన్నాడు.

నా షాపు మెట్టు మీద నిలబడితే సెలూన్ అద్దం కనిపిస్తుంది. అందులో సెలూన్ బెంచీ కనిపిస్తుంది. ఆ బెంచీ మీద ఎవరూ కూర్చోలేదని నాకు తెలుసు. ఆ బూటులో ఇనపరేకు ఉందని తెలుసు. ఎయిర్‌పోర్టు యంత్రం దాన్ని చూసి ఊరుకోదనీ తెలుసు, అలాంటి కథలు నేను ఎన్ని వినలేదు. రెండింతలు, ఆ పైన గంట అన్న లెక్క గోడమీద నా చేత్తోనే రాసి ఉంది.

మధ్యాహ్నందే రాశాను.

రాస్తూ రాస్తూ, వీల్‌చెయిర్ కావాలని ఒక్క ముక్క పెడితే దిగినచోటికే మనిషొచ్చి తోసుకెళ్తాడు, పెట్టమంటావా అని అడిగాను. అందరికీ వినపడేలాగే అడిగాను. వాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, “ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టింది నువ్వే కదా. ఎక్స్‌ప్రెస్‌ని ఎవడైనా తోస్తాడా?” అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. మంచి జవాబు. నాక్కూడా నచ్చింది. పెట్టకుండా వదిలేశాను.

వెళ్ళే రోజు మా ఆవిడా నేనూ గాజుతలుపు దాకా వెళ్ళాం. ఆవిడ వాడి కాలరు సర్దింది, సర్దిందే మళ్ళీ సర్దింది. వాడు లోపలికి వెళ్ళాక వెనక్కి తిరిగి, వాచీ ఉన్న చెయ్యి పైకెత్తి చూపించాడు నాకు. నేనూ నా వాచీ చూపించాను.

ఆ సాయంత్రం మా ఆవిడ షాపులోనే కూర్చుంది, రెండో విమానం ఎక్కేముందు ఫోన్ చేస్తానన్నాడని. కుర్చీ అంచున కూర్చుని, గోడమీద ప్రపంచపటం వంక చూస్తోంది. వాడిప్పుడు ఎక్కడున్నాడండీ అని అడిగితే వేలు పెట్టి ఏదో నీలంరంగు చూపించాను. వీధిలో వాళ్ళు వచ్చి పోతున్నారు. ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

“బావా. గేటు మూసేశారు.”

మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మొదటి విమానం టైముకే దిగింది. రైలు ఎక్కాడు, దిగాడు, అంతా మన వీధిలో నడిచినట్టే ఉంది బావా అన్నాడు. ఇక్కడ ఎక్కేటప్పుడు చేత్తో తడిమి వదిలేశారట గాని, అక్కడ సెక్యూరిటీ దగ్గర యంత్రం కూసింది. బూటు విప్పించారు. ఎక్స్‌రేలో అడుగున ఇనపరేకు కనపడేసరికి బూటు పట్టుకుని ఎటో వెళ్ళిపోయారు. వీడు ఒంటికాలి మీద గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఇరవైయెనిమిది నిమిషాలు. అడుగు కోసి, రేకు బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, పాపం మర్యాదగా క్షమించమన్నారట. ఆ బూటు ఇంక కాలికి పట్టలేదు. చేత్తో పట్టుకుని వెళ్ళాడు. ఎలా వెళ్ళాడో నేను అడగలేదు.

“విమానం కనిపిస్తోంది బావా, అద్దంలోంచి. ఇంకా కదల్లేదు. ఇక్కడే ఉంది. తలుపు మాత్రం తియ్యరంట. మళ్ళీ విమానం రేపు సాయంత్రమట.”

రేపు సాయంత్రానికి వీసా ఉండదు. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు. నా ఎదురుగా లేచి నిలబడ్డ మనిషికీ తెలుసు. ఏదో ఒకటి అనాలి కదా. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది.

“నేను చెప్పానా లేదా?”

అవతల ఏదో ఊరి పేర్లు, గేటు నంబర్లు మైకులో చదువుతున్నారు.

“చెప్పావు బావా,” అన్నాడు. “అక్కకి ఇస్తావా?”

ఆవిడ ఫోన్ తీసుకుని చాలాసేపు వింది. తిన్నావా అని అడిగింది. ఇంకేం అడగలేదు. ఫోన్ పెట్టేసి చెంగుతో తుడిచి, నావంక చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

మూడోరోజుకి వాణ్ణి తిప్పి పంపారు. కుడికాలికి బూటు, ఎడమకాలికి ఎవరిచ్చారో ఒక రబ్బరు చెప్పు. వీధిలో నడిచొస్తుంటే కూరగాయలావిడ తాడు విప్పి పక్కన పడేసింది. సైకిల్ షాపు వాళ్ళు చక్రాల్లో తలలు దూర్చారు. ఎక్స్‌ప్రెస్ అని పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు. వేరే పేరుతో పిలుద్దామంటే, ఆరేళ్ళుగా వాడి అసలు పేరు వాడినవాళ్ళు లేరు, చప్పున గుర్తుకి రాలేదు. అంచేత వాణ్ణి ఎవరూ ఏమీ పిలవలేదు.

కంపెనీ నించి ఉత్తరం వచ్చింది. మంచి ఉత్తరమే, ఆ ఉద్యోగంలో వేరే మనిషి చేరాడని, వీడి భవిష్యత్తు బాగుండాలని. వాడు వెనకగదిలో గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాతో మాట్లాడకపోవడం అంటూ లేదు, అడిగినదానికి చెప్పేవాడు. అన్నం పెట్టారా అంటే పెట్టారు. వేడిగా ఉందా అంటే ఉంది.

పదకొండో రోజున ఇంకో ఊళ్ళో పని చూసుకున్నాడు. లిఫ్టు బాగుచేసే పని కాదు, పైకెక్కి చూడాలంటే ఇప్పుడు భయం వేస్తోందన్నాడు. లిఫ్టు లోపల స్టూలు మీద కూర్చుని బొత్తాం నొక్కే పని. ఎక్కినవాళ్ళు ఎన్నో అంతస్తో చెప్తారు, వీడు నొక్కుతాడు.

వాడి పెట్టె సర్దుతూ సర్దుతూ మా ఆవిడ తన బట్టలు కూడా అందులోనే పెట్టింది. ఎన్నాళ్ళకొస్తావని అడిగాను. తాళాలు బల్ల మీద పెట్టి, “మీరు చెప్పారు, చెప్పినట్టే జరిగింది. ఇంకేం కావాలి మీకు?” అంది. వాణ్ణి అక్కడ దింపి వంటిల్లు అమర్చి వచ్చేస్తుందనుకున్నాను. పంతొమ్మిదేళ్ళయింది.

ఒక్క మాట చెప్పుకోవాలి. ఆ వేసవి తర్వాత నా షాపు అంతకుముందెప్పుడూ లేనంత బాగా నడిచింది. ఆ టికెట్లాయన మాట వినకపోతే ఏమవుతుందో చూశారుగా అని ఊరంతా అనుకునేవాళ్ళు. మూడు గంటలంటే మూడు గంటలు, ఎవరూ తగ్గించమని అడగలేదు. కొందరు భయపడి ఎనిమిది గంటలు రాయించుకున్నారు. విమానం ఎక్కలేదంటగా అని వెక్కిరించినవాళ్ళే, ఎక్కకపోయినా ఎంత తెలుసో చూడు అన్నారు. కొత్తవాళ్ళెవరొచ్చినా ముందు కుర్చీ వేసి మా బావమరిది కథ చెప్పేవాణ్ణి. చెప్పినప్పుడల్లా కాస్త కారం చేర్చేవాణ్ణి. ఒకసారి వాడు బూటు చేత్తో పట్టుకుని రన్‌వే మీద విమానం వెంట పరిగెత్తాడన్నాను. ఇంకోసారి పైలెట్ కిటికీలోంచి చెయ్యి ఊపాడన్నాను. జనం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు, నవ్వి నాలుగు గంటల టికెట్ రాయించుకునేవాళ్ళు.

మీకు మాత్రం ఆ రన్‌వే, ఆ పైలెట్ లేకుండా చెప్పాను. గడ్డం పెరిగినవాడూ, మూడు రోజులు నడిచిన ముసలాయనా అబద్ధమని మీకు నేను చెప్పక్కర్లేదు, చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. గుమ్మడికాయ నిజమే. కాకపోతే మీరు పట్టుకోలేనిది ఒకటి కల్పించాను.

మా ఆవిడ ఆ మధ్యాహ్నం సెలూన్‌కి వెళ్ళలేదు. ఆవిడ ఆ గడప తొక్కింది ఒక్కసారే, వాడు తిరిగొచ్చిన తొమ్మిదో రోజున, గడ్డం మాసిపోయింది, ఇంటికొచ్చి గీసి వెళ్ళమని అడగడానికి. అప్పుడు సెలూన్ ఆయన, మీవాడి మంచికేనమ్మా ఆయన వచ్చి చెప్పింది అని, జరిగింది జరిగినట్టు ఆవిడకి చెప్పేశాడు. ఎండలో తువ్వాలు నెత్తిన కప్పుకుని, వీధిలో ఎవరూ లేకుండా చూసి, ఆ మెట్లెక్కింది నేను. రేపు మావాడి చేత బూటు విప్పించకు, పాపం, అన్నాను. పాపం అని కూడా అన్నాను. మీది ఎంత మంచి మనసండీ అని ఆయన నాకు దణ్ణం పెట్టాడు.

వాడు వెళ్ళలేకపోవాలని కాదు, అది మాత్రం నమ్మండి. అక్కడ చెమటలు కక్కాలి, ఆఖరి నిమిషంలో ఎలాగో ఎక్కాలి, ఆ పైన ఫోన్ చేసి, విమానం ఎక్కకపోయినా నువ్వే కరెక్టు బావా అనాలి. షాపులో నలుగురూ ఉన్నప్పుడు అనాలి. నాకు కావాల్సింది అంతే.

ఫోన్‌లో వాడు చెప్పావు బావా అన్నాడని చెప్పాను కదా. అది కల్పించింది కాదు. అన్నాడు.